కూర్మవలసలో పశువులు లేవు

జూన్ నెలాఖరు దాకా కూర్మవలస డివిజన్‌లో నలభై రెండు వేల పైచిలుకు పశువులుండేవి. జూలై ఒకటో తారీఖు పొద్దున పది గంటలకల్లా ఒక్కటీ లేకుండా పోయింది. రోగమొచ్చి చావలేదు, ఎవరూ తోలుకుపోలేదు. పాడిపశు సంరక్షణ మండలి వారు రిజిస్టర్లన్నీ రద్దు చేసి, లెక్కలు క్లౌడ్‌లోకి ఎక్కించమన్నారు. కూర్మవలస ఆఫీసు కంప్యూటర్ ఆ క్లౌడ్‌కి కనెక్ట్ కాలేదు. జరిగింది ఇంతే.

ఆ క్లౌడ్‌కి సురభి అని పేరు పెట్టారు. ఇరవై ఆరు డివిజన్ల ఆవులు, గేదెలు, దూడలు, వాటి జబ్బులు, టీకాలు, వాటి గురించి వచ్చే ఫిర్యాదులు సమస్తం అందులోనే ఉండాలని, అందులో తప్ప ఇంకెక్కడా ఉండకూడదని ఆరు పేజీల సర్క్యులర్ వచ్చింది. చివరి పేజీలో నాలుగో నిబంధన ఇది: "సురభిలో నమోదు కాని ఏ పశువునూ పశువుగా పరిగణించరాదు. సురభిలో నమోదు కాని ఏ కార్యమూ జరిగినట్టుగా భావించరాదు."

కూర్మవలస ఆఫీసులో లెక్కలు చూసే మనిషి మజ్జి హైమావతి. పద్నాలుగేళ్లుగా అదే కుర్చీ. ఊరి పేరు చెబితే చాలు, అక్కడ ఎన్ని గేదెలు చూడితో ఉన్నాయో కాగితం చూడకుండా చెప్పగలదు. అలాగని కొత్తదంటే జంకే రకం కాదు. సురభి శిక్షణలో ముందు బెంచీలో కూర్చుని నోట్సు రాసుకుంది. రిజిస్టర్లు మోసే పని తప్పుతుందని లోలోపల సంతోషించింది కూడా.

ఆ ఉత్సాహంతోనే మొదటి రోజు కంప్యూటర్ వేసింది. సురభి తెర నిండా పరుచుకుంది. పచ్చిక, ఆవు, ఉదయించే సూర్యుడు. పాస్‌వర్డ్ కొట్టగానే సూర్యుడు ఆగిపోయి, కింద ఒక వాక్యం వచ్చింది: "సంధానం విఫలమైనది. కారణము తెలుసుకొనుటకు సురభిలోనికి ప్రవేశించగలరు."

హైమావతి కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. వైరు పీకి, తుడిచి, మళ్లీ గుచ్చింది. ఆఫీసులోని పశువుల డాక్టరు గారి ఫోన్లో ఇంటర్నెట్ వస్తోందా అని చూసింది. బ్రహ్మాండంగా వస్తోంది. కంప్యూటర్‌లో మాత్రం సురభి తప్ప ఇంకేదీ తెరుచుకోకుండా మండలి వారే కట్టుదిట్టం చేశారు. కాబట్టి వెదకడానికి అందులో ఇంకే చోటూ లేదు.

మూడో రోజు సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. అటునుంచి మాట్లాడినాయన చాలా మర్యాదస్తుడు. సమస్యంతా ఓపికగా విని, సురభిలో ఫిర్యాదు నమోదు చేస్తే ఇరవై నాలుగు గంటల్లో పరిష్కరిస్తామన్నాడు. సురభిలోకి వెళ్లలేకపోవడమే ఫిర్యాదని హైమావతి చెప్పింది. ఆయన దానికీ కంగారుపడలేదు. అలాంటివారి కోసమే లోపం కనిపెట్టే సాధనం ఒకటి ఉందని, దాన్ని కంప్యూటర్‌లో నడిపితే దారిలో ఎక్కడ అడ్డం పడిందో అదే చెబుతుందని అన్నాడు. సాధనం పనిచేయాలంటే సురభి చిరునామాల జాబితా దానికి ఇవ్వాలట.

"ఆ జాబితా ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగింది హైమావతి.

"సురభిలో లాగిన్ అయి ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు మేడమ్, జాబితా మొత్తం వచ్చేస్తుంది."

లోపలికి వెళ్లగలిగితే ఇక జాబితా ఎందుకని హైమావతి అడిగింది. అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "మీరన్నది సబబుగానే ఉంది మేడమ్. సూచనల విభాగంలో రాయండి, తప్పక పరిశీలిస్తారు," అన్నాడు చివరికి. సూచనల విభాగం ఎక్కడుందో ఆమె అడగలేదు.

అయినా ఆమె ఊరుకునే మనిషి కాదు. కనెక్ట్ కాకపోయినా ఫిర్యాదు ఫారం నింపుకోవచ్చు, అది కంప్యూటర్‌లోనే ఆగి, దారి తెరుచుకోగానే దానంతటదే వెళుతుంది. అందుకని రోజుకొక ఫిర్యాదు నింపి పెట్టింది. మిగతా పొద్దంతా ఊరూరి పశువుల్ని ఒక్కొక్కటిగా టైపు చేసింది. ఎప్పుడో ఒకప్పుడు వెళ్లకపోతాయా అని ఆశ.

ఇలా మూడు వారాలు గడిచేసరికి ఏటి అవతల గాలికుంటు మొదలైంది. నోట్లో, గిట్టల మధ్య పుళ్లు పడి, పశువు మేత ముట్టక చొంగ కారుస్తూ నిలబడిపోయే జబ్బు. కబురు వినగానే ఏటి ఒడ్డున ఉన్న బూరాడ గ్రామం నుంచి లెంక పైడితల్లి ఆటో కట్టించుకుని వచ్చింది. ఆ ఊరి పాలకేంద్రం నడిపేది ఆవిడే. సొంతానికి ఆరు గేదెలు. మాట కటువు, మనసు ఆరు గేదెల చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

"హైమమ్మా, టీకా మందు ఉందా లేదా?" అంది రాగానే.

ఉంది. పక్క గదిలోని పెద్ద ఫ్రిజ్‌లో నాలుగు వేల డోసులు మే నెల నుంచీ ఉన్నాయి. కానీ మందు బయటికి తియ్యాలంటే సురభి నుంచి విడుదల ఉత్తర్వు రావాలి. డివిజన్‌లో ఎన్ని పశువులుంటే అన్ని డోసులకు ఉత్తర్వు వస్తుంది. సురభి లెక్కలో కూర్మవలసకు పశువులు సున్నా, కాబట్టి డోసులూ సున్నా. ఇదంతా హైమావతి వివరించింది. చెబుతున్నప్పుడు తన మాటలు తనకే ఎవరివోలా వినిపించాయి.

పైడితల్లి గోడవైపు చూసింది. "మందు ఈ గోడవతలుంది. గేదెలు ఏటి ఇవతలున్నాయి. మజ్జిన అడ్డమేటి?"

డాక్టర్ గోవర్ధనరావు తన గదిలో ఉండి ఈ మాట విన్నారు. దూడ అడ్డం తిరిగితే భుజం దాకా చెయ్యి పెట్టి లాగడానికి వెనకాడని మనిషి, కాగితం మీద సంతకం అంటే మాత్రం పెన్ను దొరకదంటారు. ఇంకో ఏడాదిన్నరలో రిటైర్మెంటు. ఆయన బయటికి వచ్చి, హైమావతి స్వయంగా హెడ్డాఫీసుకు వెళ్లి విషయం చెబితే బాగుంటుందన్నారు.

హైమావతి పొద్దున్నే రైలెక్కింది. చేతిలో డాక్టరు గారు రాసిచ్చిన ఉత్తరం ఉంది. హెడ్డాఫీసులో ఉత్తరాలు తీసుకునే కిటికీ మూసేసి, దాని మీద సురభి ఆవు బొమ్మ అంటించారు. కాగితం ఎవరూ పుచ్చుకోకపోవడంతో అడుగుతూ అడుగుతూ నాలుగో అంతస్తుకు వెళ్లింది. అక్కడ సంధాన విభాగం డైరెక్టర్ పరిమి సత్యకీర్తి గారి గది. గోడ మొత్తం ఒకే తెర. తెర మీద రాష్ట్రం పటం. డివిజన్లు కొన్ని ఎర్రగా, చాలా భాగం పసుపుగా ఉన్నాయి. పైన, ఈశాన్య మూల, ఒక్కటి మాత్రం పచ్చగా మెరుస్తోంది.

తాను కూర్మవలస నుంచి వచ్చానని చెప్పగానే సత్యకీర్తి గారు కుర్చీలోంచి లేచారు. ప్యూనుతో టీ తెప్పించారు. హైమావతి సర్వీసులో డైరెక్టర్ స్థాయి వారు ఆమెను చూసి లేవడం అదే మొదలు.

"జూలై మాసంలో ఫిర్యాదుల సంఖ్య శూన్యం. వ్యాధుల సంఖ్య శూన్యం. సంధాన లోపాల సంఖ్య శూన్యం. రాష్ట్రవ్యాప్తంగా ఈ మూడు శూన్యాలనూ సాధించిన ఏకైక డివిజన్ మీది," అన్నారాయన, పచ్చటి ముక్కను కర్రతో చూపిస్తూ.

హైమావతి ఉన్న సంగతి చెప్పింది. కనెక్ట్ కావడం లేదని, అందుకే ఫిర్యాదు రాలేదని, ఏటి అవతల గాలికుంటు వచ్చిందని, పశువులు మాత్రం ఉన్నాయని. ఆయన శ్రద్ధగా విన్నారు. తర్వాత చాలా సౌమ్యంగా, ఉంటే కనిపించాలి కదా అన్నారు. క్షేత్రస్థాయి సిబ్బంది కళ్లతో చూసిన దానిని ప్రమాణంగా తీసుకునే దశను మండలి దాటి వచ్చిందని, వినయం వల్ల ఆమె తన డివిజన్ విజయాన్ని తక్కువ చేసి చెబుతోందని, ఆ వినయాన్ని కూడా మినిట్స్‌లో రాయిస్తానని అన్నారు. ఉత్తరం మాత్రం పుచ్చుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో కూర్చుని హైమావతి ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. కోపం రావాలి గానీ రాలేదు. చదువుకున్న మనిషి, టీ ఇచ్చిన మనిషి, అంత నమ్మకంగా చెబుతుంటే ఒక స్టేషను దాటేదాకా, ఒకవేళ నిజంగానే లేవేమో అనిపించింది. తర్వాత కిటికీలోంచి ఒక పొలంగట్టు మీద గేదెల మంద కనిపించింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. పదిహేడు.

ఆ వారమే మండలి వాట్సాప్ గ్రూపులో కూర్మవలసకు అభినందనలు వచ్చాయి. ఉత్తర్వులు రావడానికి వాట్సాప్ పనికొస్తుంది, జవాబు చెప్పడానికి మాత్రం సురభి కావాలి. అన్ని డివిజన్లూ కూర్మవలసను ఆదర్శంగా తీసుకోవాలని, ఎర్రగా ఉన్నవారు సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. దాంతో మిగతా డివిజన్ల అసిస్టెంట్లు హైమావతికి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఏం చేశారో చెప్పమన్నారు. ఏమీ చేయలేదు, కనెక్ట్ కాలేదు అని ఆమె ఉన్న మాటే చెప్పింది. అవతలి వాళ్లు ఒక్క నిమిషం ఆలోచించి, థాంక్స్ చెప్పి పెట్టేసేవారు.

ఆగస్టు పదిహేనుకు ఇరవై ఆరు డివిజన్లూ పచ్చబడ్డాయి. ఒక్కొక్కరే వైరు పీకేశారు. రాష్ట్రంలో జబ్బు లేదు, ఫిర్యాదు లేదు, పశువూ లేదు. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. డెయిరీలకు రోజూ పాలు వస్తూనే ఉన్నాయి. ఈ పాలు ఎక్కడివో తేల్చడానికి మండలి వారు ముగ్గురు సభ్యులతో పాల మూలాన్వేషణ ఉపసంఘం వేశారు. పొరుగు రాష్ట్రం నుంచి వస్తుండవచ్చునని ఉపసంఘం తొలి నివేదికలో అభిప్రాయపడింది. పొరుగు రాష్ట్రం ఖండించింది.

మొదటిగా పచ్చబడిన డివిజన్‌ను అధ్యయనం చేసి, ఒక షీల్డు ఇచ్చి పోదామని సత్యకీర్తి గారు స్వయంగా కూర్మవలస బయల్దేరారు. వెంట నలుగురు అధికారులు, ఒక ఫొటోగ్రాఫరు, మండలి నెట్‌వర్క్ టెక్నీషియన్ మస్తాన్ వలీ. మస్తాన్ వలీ యాభై దాటిన మనిషి, టూల్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో మాట్లాడకుండా కూర్చుని వచ్చాడు.

సరిగ్గా ఆ రోజే పైడితల్లి గేదెల్లో పెద్దదానికి నోట్లో పుండు లేచింది. ఆవిడ దాన్ని మిగతా అయిదింటికీ దూరంగా, చిన్న ట్రక్కులో ఎక్కించుకుని ఆఫీసుకు తెచ్చింది. షీల్డు చేతులు మారుతున్నప్పుడు ట్రక్కు గేటు ముందు ఆగింది. గేదె నోటినుంచి చొంగ తీగలా వేలాడుతోంది. ముందు కాలు నేల మీద ఆనించలేక ఎత్తి పట్టుకుంది.

సత్యకీర్తి గారు బయటికి వచ్చి చూశారు. మొహంలో జాలి కనిపించిందని హైమావతి తర్వాత కూడా చెప్పేది. ఆయన చెడ్డవారు కారు. గేదె చెవి పోగు మీది నంబరు చూసి టాబ్లెట్‌లో కొట్టారు. రెండుసార్లు కొట్టారు.

"ఈ సంఖ్య గల పశువు నమోదులో లేదు. అందువల్ల దీని అస్వస్థతను ఈ దశలో ధ్రువీకరించజాలము," అన్నారు.

పైడితల్లి ట్రక్కు అడుగు వైపు చూపించింది. "అయితే ఈ పేడ ఎవులిది బావూ?"

ఫొటోగ్రాఫరు కెమెరా దించేశాడు. మస్తాన్ వలీ ఎవరి అనుమతీ అడగకుండా లోపలికి వెళ్లి హైమావతి కుర్చీలో కూర్చున్నాడు. తన దగ్గరున్న పాస్‌వర్డ్‌తో సురభి తెరను పక్కకు నెట్టాడు. తెర మూలన ఇన్నాళ్లూ కనిపించకుండా ఉన్న గడియారం బయటపడింది. 2009 జనవరి ఒకటి.

జబ్బేమిటో తేలడానికి మూడు నిమిషాలు పట్టలేదు. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుందని, అది అయిపోతే కరెంటు తీసినప్పుడల్లా గడియారం వెనక్కి పోతుందని మస్తాన్ వలీ హైమావతికి చెప్పాడు. సురభి మన కంప్యూటర్‌కి ముందు తన గుర్తింపు కార్డు చూపిస్తుందట. ఆ కార్డు పోయినేడు ఇచ్చింది. మన కంప్యూటర్ ఇంకా 2009లోనే ఉంది కాబట్టి, ఈ కార్డు ఇంకా పుట్టనే లేదు, నువ్వెవరో నాకు తెలియదని తలుపు వేసేస్తోంది. తప్పు దానిది కాదు, అది జాగ్రత్తగానే ఉంది అన్నాడు. బ్యాగులోంచి కొత్త బ్యాటరీ తీసి వేసి, తేదీ సరిచేశాడు.

సూర్యుడు ఉదయించాడు. సురభి తెరుచుకుంది. హైమావతి ఏడు వారాలుగా నింపి పెట్టిన ఫిర్యాదులు నలభై ఒకటి, టైపు చేసిన పశువులు పదకొండు వేలు, పొద్దున్న పైడితల్లి ఫోన్ చేస్తే ఎక్కించిన ఒక గాలికుంటు కేసు, అన్నీ వరసగా ఎగిరిపోయాయి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత పనికిమాలిన పని అయినా, చేసిన పని చేరాల్సిన చోటికి చేరడంలో ఒక సుఖం ఉంటుంది.

బయట సత్యకీర్తి గారి చేతిలో టాబ్లెట్ కుయ్యిమంది. పటంలో ఈశాన్య మూల పచ్చది పసుపై, చూస్తుండగానే ఎర్రబడింది. ఆయన గబగబా లోపలికి వచ్చి, ఎవరేం చేశారని అడిగారు. మస్తాన్ వలీ లేచి నిలబడి, టైము సరిచేశానండీ అన్నాడు.

"ఎవరి ఉత్తర్వు మీద? కాలాన్ని సవరించే అధికారం డివిజన్ స్థాయిలో ఎవరికీ దఖలు పరచలేదు." సత్యకీర్తి గారు చేతిరుమాలుతో నుదురు తుడుచుకున్నారు. వచ్చే సోమవారం రాష్ట్రం పచ్చబడినట్టు అసెంబ్లీకి నివేదిక వెళ్లాలి. "ప్రతిపాదన పంపండి, పరిశీలిస్తాం. అంతవరకు గడియారాన్ని యథాస్థితికి తీసుకురండి."

మస్తాన్ వలీ ఆయన వైపు, తర్వాత హైమావతి వైపు చూశాడు. మళ్లీ కూర్చుని కొత్త బ్యాటరీ తీసేసి, 2009 జనవరి ఒకటి పెట్టాడు. సూర్యుడు సగంలో ఆగిపోయాడు. సత్యకీర్తి గారు హెడ్డాఫీసుకు ఫోన్ చేసి ఆ పూట వచ్చిన పదకొండు వేల పశువుల్ని, ఫిర్యాదుల్ని, ఆ ఒక్క కేసునీ సాంకేతిక లోపంగా తీసేయించారు. షీల్డు బల్ల మీద పెట్టి, కార్లెక్కి వెళ్లిపోయారు.

పైడితల్లి అరుగు మీద కూర్చునే ఉంది. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. మిగిలిన అయిదూ ఇంకా మేత తింటన్నాయి హైమమ్మా అని మాత్రం అంది. ఆ మాట హైమావతికి ఎక్కడో తగిలింది.

ఆమె లోపలికి వెళ్లి బీరువాలోంచి సర్క్యులర్ తీసింది. నాలుగో నిబంధనను ఎన్నోసార్లు చదివింది గానీ, ఎప్పుడూ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేది. ఈసారి రెండోది కూడా చదివింది. దాన్ని తీసుకెళ్లి డాక్టరు గారి ముందు పెట్టి, వేలితో చూపించింది.

"సార్, సురభిలో నమోదు కాని పని జరిగినట్టే కాదని వీళ్లే రాశారు. మనం కనెక్ట్ అవలేం. ఇప్పుడు మనం టీకాలు వేసినా, వేసినట్టు కాదు. మెమో ఇవ్వాలంటే ముందు జరిగిందని ఒప్పుకోవాలి."

గోవర్ధనరావు గారు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని నాలుగోసారి చదివారు. సంతకం ఎక్కడైనా పెట్టాలా అని అడిగారు. ఎక్కడా అక్కర్లేదంది హైమావతి. ఆయన లేచి ఫ్రిజ్ రూము తాళం తీశారు.

తొమ్మిది రోజులు పట్టింది. బూరాడతో మొదలుపెట్టి ఏటి ఒడ్డు ఊళ్లన్నీ తిరిగారు. డాక్టరు గారు సూది వేస్తుంటే హైమావతి టీకా పడ్డ పశువు కొమ్ముకు నీలం రంగు చుక్క పెట్టింది. కాగితం మీద ఒక్క అక్షరం రాయలేదు. నాలుగు వేల డోసులూ అయిపోయాయి. పైడితల్లి పెద్ద గేదె నెల రోజులు కుంటి, పాలు సగానికి పడి, మెల్లగా కోలుకుంది. మిగతా అయిదింటికీ ఏమీ కాలేదు. జబ్బు ఏటి ఒడ్డు ఊళ్లు దాటి లోపలికి రాలేదు. ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ మిగతా డివిజన్ల వాళ్లు కూడా హైమావతికి ఫోన్ చేశారు. ఆమె నాలుగో నిబంధన రెండో వాక్యం చదివి వినిపించింది. వాళ్లూ థాంక్స్ చెప్పి పెట్టేశారు.

అక్టోబరులో వాట్సాప్‌లో ఒక ఉత్తర్వు వచ్చింది. పక్కనున్న సింగవరం డివిజన్ వాళ్లు, ఇంకా వైరు పీకని రోజుల్లో, నాలుగు వేల డోసులు అదనంగా కావాలని సురభిలో అర్జీ పెట్టారట. అది ఇప్పటికి కదిలింది. సురభి లెక్క ప్రకారం కూర్మవలస ఫ్రిజ్‌లో నాలుగు వేల డోసులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వ్యాధి లేని చోట అవి నిరుపయోగంగా ఉండరాదని, వెంటనే శీతల వాహనంలో సింగవరం తరలించాలని ఆదేశం.

హైమావతి సింగవరం అసిస్టెంటుకి ఫోన్ చేసింది. తమ దగ్గరున్న మందుతోనే తమ పశువులకు వేసేశామని, ఇప్పుడేమీ అక్కర్లేదని ఆవిడ చెప్పింది. వద్దని రాద్దామంటే కారణం సురభిలోనే రాయాలి. పంపించెయ్యండి, పుచ్చుకుంటాం అంది ఆవిడ.

మర్నాడు పొద్దున వాహనం వచ్చింది. హైమావతి ఎనిమిది పెట్టెలు తుడిపించి, అడుగున మంచు పలకలు సర్ది, మూతలు బిగించి, సీలు వేసింది. ఉష్ణోగ్రత చూపే మీటరు ఒక్కోదానికీ కట్టింది. నాలుగు డిగ్రీలు, ఉండవలసినంత. డాక్టరు గారు నిస్సంకోచంగా సంతకం పెట్టారు.

డ్రైవరు అప్పలస్వామి మొదటి పెట్టె ఎత్తి, అది చేతికి తేలిగ్గా రావడంతో తూలి నిలదొక్కుకున్నాడు. పెట్టెను చెవి దగ్గర ఆడించి చూసి, ఇందులో ఏటుందమ్మా అని అడిగాడు.

"ఏటీ లేదు అప్పలస్వామీ. ఎండ తగలనీకుండా జాగ్రత్తగా పట్టుకెళ్లు," అంది హైమావతి.